ఎడమ పక్క బటన్

శ్రావణ మాసంలో రెండో శుక్రవారం, పగలు పదకొండు గంటల నలభై నిమిషాలకు జరిగింది. గడియారం చూశాను కాబట్టి చెప్పగలుగుతున్నాను. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు గానీ గడియారం వచ్చు. ఆ నిమిషం నుంచి పదమూడేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. మా నాన్న పోర్టులో బస్తాలు మోసిన మనిషి. బస్తా అయితే గోడౌన్లో దించేస్తారు. దీన్ని ఎక్కడ దించాలో నాకు తెలియలేదు.

మా ఇంటావిడకి చెప్పలేదు. చెబితే, ఎవరికి అన్యాయం చేశానో వెళ్ళి ఆ మనిషితోనే చెప్పమంటుందని భయం. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అయినా వింటారని ఆశ.

పూర్ణా మార్కెట్ వెనక సందులో నాకు ఫోన్లు బాగుచేసే షాపు ఉండేది. అంతకుముందు అదే షాపులో రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేశాను. నేను బడికి వెళ్ళలేదు. నాకు పని నేర్పిన రేడియో మేస్త్రీ అక్షరాల బదులు రంగులు నేర్పాడు. రేడియో లోపల వడ్లగింజంత ముక్కలుంటాయి, వాటి ఒంటి మీద ఎరుపు, పసుపు, గోధుమ రంగు గీతలుంటాయి, ఆ గీతల వరసని బట్టి ఏ ముక్క ఎంతదో చెప్పొచ్చు. నాకు ఆ చదువు చాలనిపించింది. రంగులు చూసి బతికాను.

నాకు చదవడం రాదని మార్కెట్లో ఎవరికీ తెలీదు. తెలియనివ్వలేదు. రోజూ పొద్దున్నే పేపరు కొని కౌంటర్ మీద పరిచేవాడిని. బొమ్మలు చూసి తల ఊపేవాడిని. పక్కవాడు ఏదైనా వార్త ఎత్తితే, "ఆఁ, సూసినాను, సూసినాను" అనేవాడిని. బిల్లు ఇవ్వమని ఎవరైనా అడిగితే "నా మాటే బిల్లు" అనేవాడిని. అందరూ నన్ను మాట మీద నిలబడే మనిషి అనుకున్నారు.

ఫోన్ల కాలం వచ్చాక కంప్యూటర్ కూడా కొన్నాను. అది అమ్మినవాడు ఒక పూట కూర్చుని చూపించాడు. ఫోనుకి తీగ తగిలించాలి, ఫలానా బొమ్మ నొక్కాలి, తెర మీద పెట్టెలు వస్తాయి. "ఎన్ని పెట్టెలొచ్చినా ఎడం పక్క బటనే నొక్కండి. పచ్చ గీత నిండాక తీగ పీకీయండి" అన్నాడు. అది మంత్రంలా నేర్చుకున్నాను. ఎడమ, ఎడమ, పచ్చ. వందల ఫోన్లు అలాగే బతికించాను.

ఇప్పుడు తాళం సంగతి చెప్పాలి. అప్పట్లో కొన్ని కంపెనీలు ఫోను, కనెక్షను కలిపి ఇచ్చేవి. ఫోను చవగ్గా చేతికొచ్చేది. కానీ ఆ కంపెనీ సిమ్ము తప్ప ఇంకోటి అందులో పని చేసేది కాదు. వేరేది పెడితే తెర మీద తాళం బొమ్మ వచ్చేది. దీని మీద నా మాట అప్పుడూ ఇప్పుడూ ఒక్కటే. తాళంచెవి అమ్మినవాడి దగ్గర ఉంటే అది కొన్నవాడి వస్తువు కాదు. గొడుగు అమ్మినవాడు ఈ వీధి వానలోనే వేసుకో, పక్క వీధిలో తడిసిపో అంటే ఊరుకుంటామా? ఫోను విషయంలో ఊరుకున్నాం. ఇప్పుడు ఇంకా నేర్చారు. పాత ఫోను మూత గోరుతో ఊడేది, బ్యాటరీ మనమే మార్చుకునేవాళ్ళం. ఇప్పుడు జిగురు పెట్టి మూసేస్తున్నారు. ఈ ఊరి ఉప్పుగాలికి లోపల పచ్చగా చిలుం పట్టినా చూసుకునే దారి లేదు. ఇవన్నీ నిజమే. గట్టిగానే చెబుతాను. కానీ పదమూడేళ్ళు నేను కంపెనీలని అంత గట్టిగా తిట్టింది నిజం కోసం కాదు.

ఆ శుక్రవారం మార్కెట్లో కాలు పెట్టే చోటు లేదు. వరలక్ష్మీ వ్రతం. పూలు, తమలపాకులు, అరటి పిలకలు. మా సందు దాకా జనం. పూలమ్మే అప్పలనరసమ్మ గంప నెత్తినుంచి దించకుండానే నా కౌంటర్ ముందు నిలబడింది. ఆమె ఫోను ఛార్జింగ్ పిన్ను ఊడిపోయింది.

"ఒరే నాయనా, నా పూలు నీ కొట్లోనే వాడిపోయేలాగున్నాయిరా. అయ్యిందా?"

"నీ పూలు వాడితే నీళ్ళు జల్లుకో. నా సెయ్యి ఒణికితే నీ ఫోను పోతాది" అన్నాను.

కౌంటర్లో సగం శీనుకి అద్దెకిచ్చాను. అద్దాల అరలో ఫోను కవర్లు పెట్టి అమ్మేవాడు. డిగ్రీ చదివాడు. నన్ను బావా అని పిలుస్తాడు, చుట్టరికం ఏమీ లేదు. వాడికీ నాకూ మధ్య జానెడు దూరం.

అప్పుడు వచ్చింది రత్నకుమారి. గోపాలపట్నం నుంచి. ఒక బడిలో ఆయాగా పనిచేస్తుందట. నలభై దాటిన మనిషి, తెల్ల చీర, మెడలో చిన్న సిలువ. చేతిరుమాలులో చుట్టిన ఫోను తీసి కౌంటర్ మీద పెట్టింది. బటన్ల ఫోను, కంపెనీ తాళం ఉన్న రకం.

"అన్నియ్యా, దీన్లో ఏరే సిమ్ము పడతాదా?"

శీను నవ్వాడు. "దీనికెందుకక్కా అంత కష్టం? దీంతో కుంకుడుకాయలు కొట్టుకో. కొత్తది సూపించమంటావా?"

"ఇదే కావాల బాబూ" అంది. "దీన్లో మా ఆయనున్నాడు."

శీను నవ్వు ఆగిపోయింది.

ఆమె భర్త పేరు అంతోని. పోర్టులో ఓడల్ని లోపలికి లాక్కొచ్చే టగ్గు మీద తాళ్ళు కట్టే పని. షిఫ్టులు. ఆమె బడి నుంచి వచ్చేసరికి ఆయన డ్యూటీకి వెళ్ళిపోయేవాడు, ఆయన వచ్చేసరికి ఆమె ఉండేది కాదు. ఇంట్లో ఒకటే ఫోను. మరియమ్మ బొమ్మ పక్కన అలమరలో పెట్టి ఉండేది. ఆమెకి చదువు వచ్చు, ఆయనకి రాదు. చీటీ రాయలేక ఆయన వెళ్ళే ముందు చెప్పాల్సింది ఫోన్లో మాట్లాడి రికార్డు చేసి పెట్టేవాడు. ఆమె ఇంటికొచ్చి, చెప్పులు విడిచి, ముందు అది వినేది. కొన్నేళ్ళు వాళ్ళ కాపురం సగం ఆ అలమరలోనే జరిగింది. విన్నవి చెరిపేసేది, ఆయన ఇలా పోతాడని ఎవరు అనుకున్నారు? నాలుగు నెలల కింద ఆయన గుండె ఆగి పోయాక చూసుకుంటే పదకొండో పన్నెండో మిగిలాయి. ఇప్పుడు ఆ కంపెనీ సిగ్నలు వాళ్ళ వీధిలో రావడం మానేసింది. బడివాళ్ళు వేరే సిమ్ము ఇచ్చారు. రెండు ఫోన్లు పట్టుకు తిరగడం ఆమె వల్ల కాదు, ఈ ఫోను ఇంట్లో వదిలి ఉండలేదు. అందుకని తాళం తీయించడానికి వచ్చింది.

"లోపల ఆయన గొంతుందన్నియ్యా. జాగర్త."

"ముప్పయ్యేళ్ళ సెయ్యమ్మా ఇది. బెంగెట్టుకోకు" అన్నాను.

"నువ్వు ఇప్పుతుంటే నాను సూళ్ళేను. ఆసుపత్రిలో నిలబడినట్టుంటాది" అని మెట్టు మీదకి వెళ్ళి వీధి వైపు తిరిగి నిలబడింది. ఆ వీపు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

ఏ ఫోనైనా ముట్టుకునే ముందు అది పలుకుతోందో లేదో చూడటం నా అలవాటు. ఏదో ఒకటి మోగించి చెవి దగ్గర పెట్టుకుంటాను. ఆ రోజు వేలికి తగిలింది ఆయన రికార్డింగే. నా చెవికి మాత్రమే వినిపించింది. మగ గొంతు, కాస్త బొంగురు. వెనక ఎక్కడో కుక్కర్ ఈల.

"రత్తం, నానెళ్తన్నాను. సేపలు కడిగెట్టీసినాను. పులుసులో సింతపండు తగ్గించు, నీకు కడుపులో మంటొత్తాది. తలుపు గొళ్ళెం సరిగ్గా పడతం లేదు, కుర్సీ అడ్డెట్టుకో. బేగే వచ్చీత్తాను. ఉంటాను మరి."

అంతే. ఆ చివరి మాటకి ముందు ఒక చిన్న నవ్వు. ఎందుకు నవ్వాడో తెలీదు. బహుశా ఒంటరి ఇంట్లో డబ్బాతో మాట్లాడుతున్నందుకు.

విన్నాను. కట్టేశాను. తీగ తగిలించాను.

మొదటి పెట్టె వచ్చింది, ఎడమది నొక్కాను. రెండోది వచ్చింది, ఎడమది నొక్కాను. మూడో పెట్టె వేరేగా ఉంది. ఎప్పుడూ చూడనిది. ఎర్ర త్రికోణం, లోపల నిలువు గీత, కింద చుక్క. పక్కన నాలుగు వరసల ఇంగ్లీషు. కింద చిన్న ఖాళీ గడి. ఆ తరవాత మామూలుగానే రెండు బటన్లు.

నా చెయ్యి ఆగింది. ఇది నేను దాచకూడదు. ఆగింది. రంగులు చదివి బతికిన వాడిని, ఎరుపు అంటే ఏమిటో నాకు తెలీదా? తెలుసు. ఆ పెట్టె నాకేదో చెబుతోందని తెలుసు. జానెడు దూరంలో చదువుకున్నవాడు కూర్చున్నాడు. "శీనూ, ఇదేటో సదివి సెప్పరా" అంటే చాలు. ఆ ఒక్క మాట నా నోటికి రాలేదు. ఆ మాటంటే నా పేపరు, నా తల ఊపుడు, నా మాటే బిల్లు, అన్నీ ఒక్కసారి ఊడి మార్కెట్లో పడతాయి. అప్పలనరసమ్మ చూస్తోంది. ఆ రోజు సాయంత్రానికి సందంతా చెప్పుకుంటుంది. ఇదా నేను ఆలోచించింది? ఇదే. ఒక మనిషి గొంతు చేతిలో పట్టుకుని, నా పరువు గురించి ఆలోచించాను.

"ఏటిరా, ఆ డబ్బాకేసి అలగ సూత్తన్నావ్? దిష్టి తీత్తన్నావా?" అంది అప్పలనరసమ్మ.

ఎడమది నొక్కాను.

పచ్చ గీత పాకింది. నిండింది. గడియారం చూశాను. ఆ సంగతి మొదటే చెప్పాను.

ఫోను మళ్ళీ వెలిగింది. తాళం బొమ్మ లేదు. రికార్డింగులు ఉండాల్సిన చోటికి వెళ్ళాను. ఏమీ లేదు. మళ్ళీ వెళ్ళాను. తీసి పెట్టాను, ఆపి వెలిగించాను. కొత్తగా పుట్టిన ఫోనులా ఉంది. మెమరీ కార్డు లేని రకం అది, ఉన్నవన్నీ లోపలే ఉండేవి. లోపల ఇప్పుడు ఎవరూ లేరు.

ఆమెని పిలిచాను. అప్పటికే అబద్ధం తయారుగా ఉంది. అంత తొందరగా ఎలా తయారైంది? మెట్టు నుంచి కౌంటర్ దాకా మూడు అడుగులు.

"కంపెనీవోళ్ళ పనమ్మా ఇది. తాళం ఎవలైనా తీత్తే లోపలున్నదంతా దానికదే సెరిగిపోయేలాగెట్టినారు. ఎవలేటీ సెయ్యలేరు."

ఆమె ఫోను చేతిలోకి తీసుకుంది. బటన్లు నొక్కింది. నొక్కుతూనే ఉంది. ఏడవలేదు. ఏడిస్తే నాకు నయంగా ఉండేది. అప్పుడు తలెత్తింది.

"నువ్వు తీసే ముందు... ఏటైనా ఇనిపించిందా అన్నియ్యా? ఒక్క మాటైనా?"

"లేదమ్మా" అన్నాను. "నాను ముట్టుకునేసరికే ఏటీ లేదు."

మొదటి అబద్ధం పరువు కోసం. అది నాకు అర్థమవుతుంది. క్షమించలేను గానీ అర్థమవుతుంది. ఈ రెండోదే నన్ను తినేసింది. విన్నానని చెబితే, నేను ముట్టుకునేటప్పుడు అవి ఉన్నాయని తెలిసిపోతుంది. అందుకని గొంతుతో పాటు మాటల్ని కూడా దాచేశాను. ఆ ఫోనులోంచి మిగిలిన ఆయన మాటలు ప్రపంచంలో ఒక్కడి దగ్గరే ఉన్నాయి. ఆయన భార్య దగ్గర కాదు. ఆయన్ని ఎన్నడూ చూడని ఒక మెకానిక్ దగ్గర.

ఆమె నన్ను నమ్మింది. "నీ తప్పేటుందన్నియ్యా" అని వెళ్ళిపోయింది.

ఆ తరవాత ప్రతి ఏడూ వచ్చేది. ఒకసారి టీవీలో చెరిగిపోయినవి వెనక్కి తెచ్చే మిషన్లు వచ్చాయని చూశానంది. ఇంకోసారి బడిలో కంప్యూటర్ టీచరు చెప్పాడంది. ఫోను చేతిరుమాలులోనే ఉండేది. నేను చూసినట్టు నటించి, "వత్తే కబురెడతాను" అనేవాడిని. కంపెనీల్ని తిట్టేవాడిని. నా తిట్లు విని కౌంటర్ ముందు జనం చేరేవారు, బాగా చెప్పావనేవారు. సగం నిజం వెనక దాక్కోవడం చాలా సుఖం. మొత్తం అబద్ధమైతే ఎవరో ఒకరు పట్టుకునేవారు.

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. ఎవరూ నేర్పలేదు, ఫోనే నేర్పింది. మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే తెర మీద అక్షరాలు పడే ఫోన్లు వచ్చాయి కదా. షాపు తలుపు దగ్గరకి వేసి "ఉప్పు" అనేవాడిని, పడ్డది చూసేవాడిని. "పప్పు" అనేవాడిని. రెంటికీ ఒకే తోక కనిపించింది. అలా పట్టుకున్నాను. కొంత చేయి తిరిగాక ఒకరోజు, ఎందుకు చేశానో నాకే తెలీదు, అంతోని మాటలు ఆ మైకులో చెప్పాను. ఆయన గొంతు గుర్తు తెచ్చుకుని, ఆయన లాగే.

తెర మీద "నేను వెళ్తున్నాను" అని పడింది.

మళ్ళీ చెప్పాను. నానెళ్తన్నాను. మళ్ళీ "నేను వెళ్తున్నాను." చేపలు అని దిద్దింది. చింతపండు అని దిద్దింది. అంత తెలివైన ఫోను, ఆ మనిషిని మాత్రం రానివ్వలేదు. ఫోను పక్కన పెట్టేశాను. ఆయన్ని మరోసారి చెరిపినట్టయింది. ఆ రోజునుంచి పేపరు మీద చేత్తో రాయడం మొదలుపెట్టాను. నాకు రాయడం వచ్చింది అందుకే. ఆయన అన్నట్టే రాయడానికి.

ఇంగ్లీషు అక్షరాలు ఇంకా ఆలస్యంగా వచ్చాయి, మనవరాలి పుస్తకంలో. అవి వచ్చాక అటక మీది పాత కంప్యూటర్ దించాను. ఆ రకం ఫోను ఒకటి తుక్కులో దొరికింది. తీగ తగిలించాను. ఎడమ, ఎడమ. మూడో పెట్టె వచ్చింది. ఎర్ర త్రికోణం. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివాను, మనవరాలిని రెండు మాటలకి అర్థం అడిగాను. ఫోనులో ఉన్నదంతా చెరిగిపోతుంది, సాగించమంటారా, అని అడుగుతోంది. కింద ఆ చిన్న గడి, నేను అలంకారం అనుకున్నది, ముందు అన్నీ కంప్యూటర్లో దాచమంటే ఇక్కడ గుర్తు పెట్టండి, అంటోంది.

అంతే. గడిలో ఒక్క గుర్తు. కంపెనీ తాళం వేసింది, అది దాని తప్పే. కానీ చెరిపింది కంపెనీ కాదు. పెట్టె నన్ను అడిగింది. నేను అవునన్నాను.

ఇది తెలిశాక చెప్పేయాలి కదా? చెప్పలేదు. ఇంకో మూడేళ్ళు చెప్పలేదు.

మొన్న వచ్చింది. షాపు మూసేశాను, ఇంటికే వచ్చింది. జుట్టు పూర్తిగా నెరిసింది. ఈసారి మిషన్ల గురించి అడగలేదు. మా ఇంటావిడ ఇచ్చిన టీ తాగుతూ, ఎవరితోనో మాట్లాడినట్టు అంది: "ఆయన గొంతు మర్సిపోతన్నానన్నియ్యా. మొకం గుర్తే. గొంతు రాట్లేదు. ఏదో ఒక మాట, సివరాకర్న ఎప్పుడూ ఒక మాట అనీవోడు. అది దొరికితే ఆ ఎనకాతలే గొంతొచ్చీసేది. అదే దొరకట్లేదు."

ఆ మాట నా నాలుక మీద ఉంది. పదమూడేళ్ళుగా ఉంది. మా ఇంటావిడ వంటింట్లోకి వెళ్ళింది, గదిలో మేమిద్దరమే. నేను టీ గ్లాసు కింద పెట్టి, మళ్ళీ తీసుకున్నాను.

ఆమె వెళ్ళిపోయాక కూర్చుని ఇది రాయడం మొదలుపెట్టాను. ఆయన మాటలు పైన రాశాను, చూశారు కదా. ఒక్క అక్షరం దిద్దలేదు. అవే వేరే కాగితం మీద కూడా రాశాను, పెద్ద అక్షరాలతో, ఆమె కళ్ళజోడు లేకుండా చదవగలిగేలా. కుక్కర్ ఈల కూడా రాశాను. ఉంటాను మరి అనే ముందు నవ్వాడని రాశాను. ఆ నవ్వు ఎలా రాయాలో తెలీక, నవ్వాడు అని మాత్రం రాశాను. దాని కింద నేను చేసింది రాశాను. రేపు పొద్దున్న గోపాలపట్నం బస్సెక్కుతాను.

క్షమించమని అడగను. అడిగితే క్షమించేస్తుంది, అలాంటి మనిషి. ఆ పని ఆమె మీద పెట్టను. కాగితం చేతిలో పెట్టి, ఆమె చదివేదాకా నిలబడతాను. వీధి వైపు తిరిగి కాదు, ఆమె వైపు తిరిగే. తిడుతుందో, తలుపేసుకుంటుందో, అంతోని గొంతు ఆమెకి వస్తుందో రాదో, నాకు తెలీదు. ఇది రాసేసరికి చేతులు ఖాళీగా అనిపిస్తున్నాయి. అంతవరకే తెలుసు.

ఆ శుక్రవారం అక్కడ ఉన్నవాళ్ళు వీళ్ళు. నెత్తిన పూలగంపతో అప్పలనరసమ్మ. జానెడు దూరంలో చదువు వచ్చిన శీను. మెట్టు మీద వీపు తిప్పి నిలబడ్డ రత్నకుమారి. తెర ముందు నేను. పదకొండు గంటల నలభై నిమిషాల దాకా, అంతోని.